నెమ్మదిగా తిరగడం తెలిసిన మిషన్



ఇంట్లో కేకు చేసుకుందామని హ్యాండ్ మిక్సర్ కొనబోతే పెద్దవాళ్లు ముందుగా అడిగే మాట ఒకటుంది. "ఇంట్లో మిక్సీ ఉంది కదమ్మా, మళ్లీ ఇదెందుకు?" మన వేలూరు వైపు ఈ ప్రశ్నకు బలం ఎక్కువ. 2011 సెప్టెంబరు 15న, అన్నాదురై జయంతి నాడు, తమిళనాడు ప్రభుత్వం రేషన్ కార్డు ఉన్నవాళ్లకు మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఉచితంగా ఇచ్చే పథకం మొదలుపెట్టింది. కాట్పాడి నుంచి గుడియాత్తం, పేర్ణాంబట్టు దాకా ఏ వీధికి వెళ్లినా పొద్దున్నే మిక్సీ చప్పుడే. తెలుగు ఇళ్లలో చట్నీ, కారప్పొడి, మసాలా ముద్ద అన్నీ దాని మీదే నడుస్తాయి. అందుకని పెద్దవాళ్లు అడిగేది న్యాయమే. జవాబు మాత్రం కాస్త ఓపిగ్గా చెప్పాలి.

మిక్సీ చేసేది కోత. దాని మోటారు ఖాళీగా తిరిగితే నిమిషానికి పద్దెనిమిది వేల చుట్ల దాకా పోతుంది. పదునైన బ్లేడు, మూసిన జారు, అంత వేగం. మిరపకాయకు, కొబ్బరి ముక్కకు అదే కావాలి. కేకుకు కావలసింది కోత కాదు, గాలి. కోడిగుడ్డు తెల్లసొనను మిక్సీ జారులో వేసి తిప్పి చూడండి. పైన నాలుగు బుడగలు లేస్తాయి, అడుగున నీళ్లలా మిగిలిపోతుంది. బ్లేడు ఒక పక్క నురగ పుట్టిస్తూనే ఇంకో పక్క దాన్ని కోసేస్తుంటుంది. హ్యాండ్ మిక్సర్ తీగల బీటర్లు తిరిగేది నిమిషానికి కొన్ని వందల చుట్లు, మహా అయితే వెయ్యి చిల్లర. వాటికి పదును ఉండదు. తెరిచిన గిన్నెలో తిరుగుతూ పైనున్న గాలిని లోపలికి లాక్కుంటాయి.

ఆ గాలి ఎక్కడ చిక్కుకుంటుందో తెలిస్తే సగం బేకింగ్ తెలిసినట్టే. వెన్న, చక్కెర కలిపి గిలక్కొడతాం కదా, అప్పుడు చక్కెర పలుకుల అంచులు వెన్నను గీరుతాయి. ఆ గీతల్లో సన్నటి బుడగలు ఇరుక్కుంటాయి. పసుపు రంగు వెన్న తెల్లబడుతుంది, గిన్నెలో పొంగి రెట్టింపు కనిపిస్తుంది. ఓవెన్‌లోకి వెళ్లాక బేకింగ్ పౌడర్ నుంచి పుట్టే వాయువు ఈ బుడగల్లోకే చేరి వాటిని ఉబ్బిస్తుంది. బేకింగ్ పౌడర్ తనంతట తాను కొత్త బుడగలు పుట్టించదు. 1843లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి ఈస్టు పడని తన భార్య కోసం తయారుచేసిన పొడి ఇది. పొడి ఎంత మంచిదైనా ముందు గిలక్కొట్టడం సరిగ్గా జరగకపోతే కేకు ఇటుకలా దిగుతుంది. అప్పుడు ఓవెన్‌ను తిట్టుకుంటాం. తప్పు ఓవెన్‌ది కాదు.

మన కిరాణా కొట్లలో దొరికే చక్కెర పలుకు పెద్దది. అది వెన్నలో కరగక కరకరమంటూ మిగిలిపోతుంది. అందుకని చక్కెరను మిక్సీలో రెండుసార్లు అలా తిప్పి ఆపేయాలి. పొడి కానివ్వకూడదు, సన్న రవ్వలా ఉండాలి. పొడి చేస్తే గీరే అంచులు పోతాయి. చూశారా, మిక్సీకీ ఇక్కడ పని ఉంది. పెద్దవాళ్ల మాట పూర్తిగా తీసెయ్యక్కర్లేదు.

ఇక కొనడం సంగతి. గుడియాత్తం నెల్లూరుపేటలో మా పిన్ని కూతురు ఉంది. లుంగీల మగ్గాలకూ అగ్గిపెట్టెలకూ పేరుపడ్డ ఊరు అది. ఇప్పుడు ఆ వీధుల్లో పుట్టినరోజు కేకులు ఇంట్లోనే చేసుకునే ఆడవాళ్లూ ఉన్నారు. కొనే ముందు ఆ పిల్ల ఫోన్ చేసింది.

"అక్కా, ఒకటేమో ఐదు స్పీడులంట, ఇంకొకటి ఏడు స్పీడులంట. ఏడుదే తీసుకుందునా?"

"ఏడో స్పీడు సంగతి తర్వాతమ్మా. ఒకటో స్పీడులో ఎంత మెల్లగా తిరుగుతుందో అది చూడు."

ఈ రోజు మీకు చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. వేగంగా తిరగడం ఏ మోటారుకైనా సులువే. మెల్లగా తిరుగుతూనే బరువు లాగడం కష్టం. చవక మిషన్లలో ఒకటో నంబరుకే బీటర్లు గిర్రున తిరుగుతాయి. గిన్నెలో కోకో పొడి వేసి స్విచ్చి నొక్కగానే అది లేచి గోడ మీద, చీర మీద, కళ్లలో పడుతుంది. ఇంకో రకం మిషన్లు ఒకటో నంబరులో మెల్లగానే తిరుగుతాయి గానీ గట్టి వెన్న తగలగానే మూలుగుతూ నిలబడిపోతాయి. మంచి మిషన్‌లో నంబరు తక్కువైనా పట్టు తగ్గదు. వెన్న గట్టిగా ఉన్నా అదే నిదానంతో తొక్కుకుంటూ పోతుంది. స్విచ్చి వేయగానే ఎగిరిపడకుండా మెల్లగా అందుకుంటుంది.

మన ఊళ్లలో ఈ నిదానం ఎందుకంత ముఖ్యమో చెప్తాను. వెన్న గాలిని పట్టుకోవాలంటే మరీ గట్టిగా ఉండకూడదు, మరీ మెత్తగానూ ఉండకూడదు. పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటి డిగ్రీల మధ్య దానికి అనువైన వేడి. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి జిడ్డు అంటకూడదు. ముప్పై రెండు, ముప్పై మూడు డిగ్రీలకు వెన్న కరగడం మొదలవుతుంది. వంట పుస్తకాల్లో "వెన్నను గది వేడికి రానివ్వండి" అని రాసి ఉంటుంది. అది రాసినవాళ్ల గది వేరు. వేలూరులో మే నెల కత్తిరి ఎండల్లో బయట నలభై దాటుతుంది, వంటింట్లో ముప్పై ఐదుకు తక్కువ ఉండదు. ఆ గదిలో పెట్టిన వెన్న అరగంటలో నూనె అవుతుంది. నూనెలో బుడగ నిలవదు. దానికి తోడు మిషన్ వేగంగా తిరిగితే రాపిడికి ఇంకా వేడెక్కుతుంది. మూడు నిమిషాలు కష్టపడ్డాక గిన్నెలో తెల్లటి పొంగుకు బదులు చక్కెర వేసిన నెయ్యి కనిపిస్తుంది.

మార్గం ఉంది. వెన్నను ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే చిన్న ముక్కలు కొయ్యండి. ఎవర్‌సిల్వర్ గిన్నెను చల్లటి నీళ్ల పళ్లెంలో పెట్టండి. ఆ ముక్కల మీద మిషన్‌ను ఒకటో నంబరులో, తర్వాత రెండులో నడపండి. ముక్కలు గట్టిగా ఉంటాయి కాబట్టి మోటారుకు మొదటి నిమిషం కష్టకాలం. ఆ నిమిషం తట్టుకునే మిషనే మన ఊరికి పనికొచ్చే మిషన్. చల్లటి దేశాల వాళ్లకు ఈ బాధ తక్కువ. అక్కడివాళ్ల సమీక్షలు చదివి ఇక్కడ కొనడంలో ఉన్న చిక్కు ఇదే.

వెన్నను చెడగొట్టే ఈ వేడే గుడ్లకు మేలు చేస్తుంది. స్పాంజి కేకుకు గుడ్లు, చక్కెర కలిపి గిలక్కొట్టేటప్పుడు గిన్నె కింద వేడినీళ్లు పెట్టమంటారు. గుడ్డు గోరువెచ్చగా ఉంటే సాగుతుంది, నురగ తొందరగా వస్తుంది. మన మే నెలలో ఆ వేడినీళ్లు అక్కర్లేదు. తమిళ నెల వైకాశి ఒకటిన గుడియాత్తంలో గంగమ్మ శిరసు పండగ. ఊరినిండా చుట్టాలు. ఆ రోజుల్లో పిల్లలు కేకు అడిగితే వెన్న కేకు జోలికి పోకండి, స్పాంజి చేయండి. వెన్న కేకుకు మన కాలం డిసెంబరు. రాత్రిళ్లు చలి ఇరవై డిగ్రీల దరిదాపుల్లోకి దిగుతుంది, పుస్తకంలో రాసిన గది వేడి అప్పుడు మన ఇంట్లోనూ దొరుకుతుంది. వేలూరులో క్రిస్మస్ కేకు వాసన వచ్చే కాలం కూడా అదే. 1900లో ఐడా స్కడర్ అనే డాక్టరమ్మ ఇక్కడ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల ఇవాళ్టి సీఎంసీ. అక్కడ పనిచేసే కేరళ నర్సులు ఈ ఊరికి తమ ప్లమ్ కేకు అలవాటును కూడా తెచ్చారు. 1883లో తలశ్శేరిలో మంబళ్లి బాపు అనే ఆయన చేసిన కేకు నుంచి వచ్చిన అలవాటు అది. ప్లమ్ కేకు గురించి ఒక జాగ్రత్త: వెన్న, చక్కెర, గుడ్ల వరకే మిషన్. నానబెట్టిన ఎండుద్రాక్ష, జీడిపప్పు వేశాక మిషన్ పెడితే పళ్లు చితికి కేకు బూడిద రంగుకు తిరుగుతుంది, మోటారుకూ బరువు. అక్కణ్ణుంచి చెక్క గరిటె పట్టండి.

మైదా వేశాక కూడా అంతే. మైదాకు తడి తగిలి తిప్పుడు పడితే గ్లూటెన్ సాగుతుంది. పరోటాకు అది ప్రాణం, కేకుకు శత్రువు. పిండి వేసి మిషన్‌ను మూడు నిమిషాలు తిప్పినవాళ్ల కేకు కోస్తే లోపల పొడుగాటి సొరంగాలు కనిపిస్తాయి, నమిలితే రబ్బరులా సాగుతుంది. పొడి కనిపించకుండా పోయేంతవరకు ఒకటో నంబరులో కొన్ని క్షణాలు, లేదా గరిటెతో మడిచినట్టు కలిపితే చాలు. ఇక్కడ కూడా మనకు కావలసింది మెల్లటి ఒకటో నంబరే.

వాట్ల లెక్క గురించి చాలామందికి భ్రమ ఉంది. డబ్బా మీద రాసే 180, 250, 300 వాట్లు మిషన్ గోడలోంచి తీసుకునే కరెంటు. బీటరు దగ్గరికి చేరే బలం కాదు. మధ్యలో కొంత వేడిగా పోతుంది, కొంత పళ్ల చక్రాల రాపిడిలో పోతుంది. ఒకే 300 వాట్లు రాసిన రెండు మిషన్లలో ఒకటి బాగా లాగుతుంది, ఇంకొకటి లాగదు. అయినా అర కిలో కేకుకు 250 నుంచి 300 వాట్ల మధ్యది సరిపోతుందని నా నమ్మకం. కరెంటు బిల్లుకు భయపడేవాళ్లకు ఒక లెక్క: 300 వాట్ల మిషన్ పది నిమిషాలు నడిపితే యూనిట్‌లో ఇరవయ్యో వంతు. ఇరవై కేకులకు ఒక యూనిట్. బిల్లు పెంచేది ఓవెన్, ఇది కాదు.

వాట్ల కంటే ముఖ్యమైన సంగతి మిషన్ అడుగున అంటించిన చిన్న రేకు మీదో స్టిక్కరు మీదో ఉంటుంది. చాలామంది దాన్ని తిప్పి చూడరు. అక్కడ వోల్టులు, హెర్ట్‌జ్‌లు, వాట్లతో పాటు కేబీ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు, వాటి పక్కన ఐదు నిమిషాలు అనో ఇంకో అంకెనో ఉండవచ్చు. ఒక్క విడతలో మోటారు అంతసేపే నడవాలి, తర్వాత చల్లారనివ్వాలి అని దానర్థం. అంత చిన్న ఒంట్లో అంత మోటారు పెట్టాక వేడి పోవడానికి చోటు తక్కువ, అందుకీ గడువు. మన ఎండాకాలంలో ఆ గడువును ఇంకో నిమిషం తగ్గించుకోవడం మంచిది. లోపల ఫ్యాను ఊదేది వంటింటి గాలే కదా, ఆ గాలే వేడిగా ఉంటే అది ఏం చల్లబరుస్తుంది? సాయంకాలం వోల్టేజీ తగ్గినప్పుడు మోటారు ఈడ్చుకుంటూ తిరుగుతుంది, దానితో పాటు ఫ్యానూ నెమ్మదిస్తుంది. అలాంటప్పుడు పని ఆపి లైట్లు మామూలుగా వెలిగేదాకా ఆగండి.

వేలూరులో మేము మిక్సీ బాగు చేయించుకునే కొట్టులో ఒక హ్యాండ్ మిక్సర్‌ను విప్పి పెట్టగా చూశాను. పైపెంకు రెండు చెక్కలుగా విడిపోయి ఉంది. మధ్యలో మోటారు పొడుగ్గా పడుకుని ఉంది. దాని కడ్డీ ముందు చివర మర మాదిరి గాడులు కోసి ఉన్నాయి. ఆ మరకు అటొకటి ఇటొకటి తెల్లటి నైలాన్ పళ్ల చక్రాలు ఆనుకుని నిలబడ్డాయి. ఒక్కో చక్రంలో ఒక్కో బీటరు గుచ్చుకుంటుంది. మర తిరిగితే రెండు చక్రాలూ ఎదురెదురు దిక్కులకు తిరుగుతాయి. కుడి పక్క చక్రం పళ్లు ఒకవైపు పూర్తిగా అరిగి నున్నగా అయిపోయాయి. గ్రీజులో తెల్లటి నలుసులు. వెనక, కార్బన్ బ్రష్షులు ఉండే చోట నల్లటి పొడి పేరుకుంది. రాగి చుట్ల మీది పూత మాడి, కాలిన లక్క వాసన ఇంకా వస్తూనే ఉంది.

కొట్టు ఆయన తెలుగువారే. చక్రాన్ని వేలి మీద తిప్పి చూపించారు. "చూడమ్మా, ఇది చపాతీ పిండి కలిపిన మిషన్. కేకులు చేసిండేదైతే పళ్లు ఇట్ల పోవు. ఈ చక్రం చిల్లర సరుకే. అయితే ఈ రకంది యాడా దొరకదు. దొరకనిదానికి నేనేం చెయ్యాల?"

ఆయన మాటలో రెండు సంగతులున్నాయి. మొదటిది: డబ్బాలో బీటర్లతో పాటు మెలితిరిగిన రెండు హుక్కులు కూడా వస్తాయి. అవి చూసి ఇంటిల్లిపాదికీ చపాతీ పిండి కలపవచ్చని అనుకుంటాం. గోధుమపిండి ముద్ద చాలా బిగువు. ఆ హుక్కులు ఉద్దేశించింది బన్ను, బ్రెడ్డు పిండి లాంటి మెత్తటి ముద్దకు, అదీ కొంచెం కొంచెంగా. ఎంత పిండి, ఎన్ని నిమిషాలు అన్నది సూచనల పుస్తకంలో ఉంటుంది. చపాతీ పిండికి చెయ్యే మంచిది. నైలాన్ చక్రం ఉందని మిషన్‌ను తక్కువ చేయకండి. అది చప్పుడు తగ్గిస్తుంది, బరువు మించినప్పుడు తాను అరిగి మిగతావాటిని కాపాడడానికీ పనికొస్తుంది. రెండోది: విడి భాగాలు దొరకని మిషన్ ఎంత చవకైనా ఖరీదే. ఐదారువందలకు దొరికే పేరులేని మిషన్లు ఉన్నాయి, రెండు మూడు వేల రూపాయల పేరున్న మిషన్లూ ఉన్నాయి. వేలూరులో ఆ కంపెనీ సర్వీసు సెంటరు ఉందా, బీటర్లు విడిగా అమ్ముతారా అని ఫోన్ చేసి అడిగి కొంటే ఆ తేడా డబ్బు మనకే మిగులుతుంది. గుడియాత్తం నుంచి వేలూరుకు బస్సులో ముప్పై కిలోమీటర్ల పైమాటే. పాడైన మిషన్ పట్టుకుని వచ్చి "స్పేర్లు లేవమ్మా" అనిపించుకుని తిరిగి వెళ్లడం ఎవరికి మాత్రం బాగుంటుంది?

మన వంటకు తగిన మిషన్ మనకు కావాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1960లలో బొంబాయిలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు ఇంట్లో విదేశీ మిక్సీ ఉండేది. మన పప్పులు, మసాలాలు రుబ్బితే దాని మోటారు కాలిపోయింది. ఆయన, భార్య మాధురి కలిసి మన రుబ్బుడుకు తట్టుకునే మోటారుతో సుమీత్ మిక్సీని తీసుకొచ్చారు. దక్షిణాది ఇళ్లలో రోలు పక్కకు జరిగిందంటే అందులో సుమీత్ పాత్ర పెద్దది. ఆ మాథుర్ దంపతులు వేసుకున్న ప్రశ్ననే మనమూ వేసుకోవాలి: ఈ మిషన్‌కు నేను చెప్పబోయే పని ఏమిటి, దాన్ని తయారుచేసినవాడు ఆ పనిని తలచుకుని చేశాడా?

రెండు బీటర్లు ఎందుకు అన్నది కూడా చూడదగ్గదే. 1870లో అమెరికాలోని ప్రావిడెన్స్ నగరంలో టర్నర్ విలియమ్స్ అనే ఆయన, చేత్తో తిప్పే గుడ్ల చిలుకుడు యంత్రానికి పేటెంటు తీసుకున్నారు. ఆయన చేసిన మెరుగు, ఒకదానిలోకి ఒకటి దూరి ఎదురెదురుగా తిరిగే రెండు బీటర్లు. మజ్జిగ చిలికేటప్పుడు తాడుతో కవ్వం ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరుగుతుంది కదా, ఆ రెండు తిరుగుళ్లూ ఇక్కడ ఒకేసారి జరుగుతాయి. గిన్నెలోది రెండింటి మధ్యకు వచ్చి నలుగుతుంది, ఒకదాని మెలి ఇంకొకటి సరిచేస్తుంది కాబట్టి పిడి చేతిలో తిరగబడదు. నూటయాభై ఏళ్లు దాటినా ఆ రూపం మారలేదు.

కొట్టుకు వెళ్లినప్పుడు మొహమాటపడకండి. వేలూరు లాంగ్ బజారు కొట్లలో రద్దీ ఉంటుంది, డబ్బా తెరవమంటే విసుక్కునేవాళ్లూ ఉంటారు. అయినా తెరిపించండి. బీటర్లు రెండూ గుచ్చి, మీట నొక్కి బయటికి వదలండి. సులువుగా పడాలి. చాలా మోడళ్లలో ఒక బీటరుకో హుక్కుకో మెడ దగ్గర చిన్న చక్రంలాంటి పట్టీ ఉంటుంది, దానికి కేటాయించిన రంధ్రం వేరు. తారుమారు చేస్తే రెండూ కొట్టుకుంటాయి. తీగ సన్నంగా ఉండి, నడుమ కడ్డీ లేని బీటరు నురగకు మంచిది, కడుక్కోవడం కూడా తేలిక. పట్టీల్లాంటి వెడల్పు బీటరు గట్టి వెన్నకు మంచిది. ఏదైనా స్టెయిన్‌లెస్ స్టీలుదే తీసుకోండి. క్రోమియం పూత వేసినవి కొన్నాళ్లకు పొట్టు లేస్తాయి. ఆ పొట్టు ఎక్కడికి పోతుంది? కేకులోకే.

ఆ తర్వాత కరెంటు పెట్టి ఒకటో నంబరులో నడిపించండి. చెవి పెట్టి వినండి. గరగర గానీ కీచు గానీ ఉండకూడదు, స్విచ్చి వేసిన క్షణంలో చెయ్యి అదరకూడదు. మిషన్‌ను చేత్తో పట్టుకుని గిన్నె మీద పట్టినట్టు మోచేయి వంచి రెండు నిమిషాలు నిలబడండి. కిలో బరువు మొదట ఏమీ అనిపించదు. తెల్లసొన గట్టిపడేదాకా పట్టుకుంటే మణికట్టుకు తెలుస్తుంది. ముక్కు బరువుగా ఉండి ముందుకు వాలే మిషన్ వద్దు. దాని మడమ మీద నిలబెడితే పడిపోకుండా నిలబడాలి. అలా నిలబడని మిషన్‌ను, బీటర్లు కారుతుండగా ఎక్కడ పెడతారు? వైరు పొడుగు కూడా చూసుకోండి. మన పాత ఇళ్లలో ప్లగ్గు పాయింటు ఒక మూల, వంట తిన్నె ఇంకో మూల.

అమెరికా నుంచి తెచ్చినవాటి గురించి తప్పక చెప్పాలి. పిల్లలు అక్కడ ఉద్యోగాల్లో ఉన్న ఇళ్లు మన వైపు చాలా ఉన్నాయి. ప్రేమగా ఒక మంచి హ్యాండ్ మిక్సర్ కొని సూట్‌కేసులో పెట్టుకుని వస్తారు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. పిన్ను మార్చే చిన్న అడాప్టరు పెట్టి గుచ్చారా, క్షణంలో మోటారు పోతుంది. పిన్ను మారింది గానీ వోల్టేజీ మారలేదు కదా. దానికి వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు కావాలి, అది మిక్సర్ కంటే బరువు. పిల్లలకు ముందే చెప్పండి: బీటర్ల మిషన్ వద్దు నాయనా, మంచి కేకు టిన్నులు తీసుకురా అని.

అసలు కొనక్కర్లేనివాళ్లు కూడా ఉన్నారు. మన శాకాహార ఇళ్లలో గుడ్డు లేని కేకు చేస్తారు. పెరుగు, వంటసోడా, నూనె, లేదా కండెన్స్‌డ్ మిల్క్. ఆ కేకు లేచేది పెరుగు పులుపు, సోడా కలిసిన వాయువుతో. దానికి పది నిమిషాలు గిలక్కొట్టే పనే లేదు, నూరు రూపాయల చేతి విస్కు చాలు. ఇలాంటివాళ్లు హ్యాండ్ మిక్సర్ కొంటే అది ఏడాదికి రెండుసార్లు దిగి మళ్లీ అటకెక్కుతుంది. అయితే శాకాహారుల్లో కూడా మెరింగు, మూస్ చేయాలనే కోరిక ఉన్నవాళ్లకు ఒక దారి దొరికింది. 2014లో ఫ్రాన్సులో జోయెల్ రోసెల్ అనే గాయకుడు కాబూలీ శనగలు ఉడికించిన చిక్కటి నీళ్లను గిలక్కొడితే తెల్లసొనలా నురగ నిలుస్తుందని కనిపెట్టారు. ఆ నీళ్లకు చేతి విస్కు చాలదు. ఎనిమిది, పది నిమిషాలు పడుతుంది. అక్కడ హ్యాండ్ మిక్సర్ తప్పదు. మిషన్ అడుగున ఐదు నిమిషాలని రాసి ఉంటే మధ్యలో ఆపి, చల్లారాక మళ్లీ మొదలుపెట్టండి. నురగ కూలిపోతుందని భయం వద్దు, కాసేపు ఆగితే ఏమీ కాదు.

తెల్లసొన మాత్రం ఆగనివ్వదు, జిడ్డు అసలే పడనివ్వదు. పచ్చసొన చుక్క పడినా, ప్లాస్టిక్ గిన్నె గోడకు నిన్నటి నూనె మిగిలినా నురగ లేవదు. స్టీలు గిన్నెను నిమ్మచెక్కతో తుడిచి మొదలుపెట్టండి. వెడల్పు గిన్నె కంటే లోతు గిన్నె మంచిది, బీటర్లు మునగాలి. క్రీము సంగతి వేరు. అట్టపెట్టె ప్యాకెట్లలో వచ్చే ఫ్రెష్ క్రీములో కొవ్వు పాతిక శాతమే. దాన్ని ఎంత మంచి మిషన్‌తో కొట్టినా పువ్వులా నిలబడదు. ముప్పై శాతం దాటిన విప్పింగ్ క్రీము కొనాలి, గిన్నె, బీటర్లు కూడా ఫ్రిజ్‌లో పెట్టాలి, గిన్నె కింద ఐసు ముక్కలు ఉండాలి. నిలబడని క్రీముకు మిషన్‌ను మార్చినవాళ్లు నాకు తెలుసు. మార్చాల్సింది ప్యాకెట్టు.

కేకులు చేసి అమ్మాలనుకునే అక్కచెల్లెళ్లకు ఒక్క మాట. వారంలో రెండు మూడు ఆర్డర్ల దాకా హ్యాండ్ మిక్సర్ నెట్టుకొస్తుంది. రోజూ క్రీము కేకు అయితే గిన్నెతో సహా నిలబడే స్టాండ్ మిక్సర్‌కు డబ్బు కూడబెట్టండి. మణికట్టు కోసం మాత్రమే కాదు. హ్యాండ్ మిక్సర్ గ్యారంటీ కాగితంలో "ఇంటి వాడకానికి మాత్రమే" అని ఉంటుంది. అమ్మకానికి వాడినట్టు తెలిస్తే గ్యారంటీ చెల్లదు అనేస్తారు. అలాగే ఇంట్లో చేసి అమ్మేవాళ్లకు కూడా ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ ఉండాలి. అది చిన్న పనే, వాయిదా వేయకండి.

ఇంటికి తెచ్చాక గ్యారంటీ కార్డు మీద కొట్టువాడి ముద్ర, తేదీ ఉన్నాయో లేదో ఆ రోజే చూసుకోండి. మొదటి రెండు మూడుసార్లు మోటారు నుంచి కొద్దిగా కొత్త వాసన రావచ్చు, అది పూత వాసన. పొగ వస్తే మాత్రం ప్లగ్గు పీకి బిల్లుతో సహా కొట్టుకు వెళ్లండి. పని అయ్యాక బీటర్లు తీసి వెంటనే నీళ్లలో వేయండి, ఎండిన క్రీము తీగల సందుల్లోంచి రావడం కష్టం. మోటారు ఉన్న పెంకును నీళ్లలో ముంచవద్దు, కుళాయి కింద పెట్టవద్దు, తడిగుడ్డ గట్టిగా పిండి తుడవండి. గాలి సందుల్లో మైదా పొడి చేరుతుంది. పాత టూత్‌బ్రష్‌తో నెలకొకసారి దులపండి. వైరును వేడి మిషన్ చుట్టూ బిగించి చుట్టకండి. మెడ దగ్గర తెగేది అలాగే.